వాంతి ముందా, నొప్పి ముందా? ఈసీజీ బాగానే ఉన్న ఛాతీ నొప్పిలో అన్నవాహిక గాయాలు

రాత్రిడ్యూటీ
ఒక లెక్క ఇస్తాను, విప్పి చెప్పండి. 45 ఏళ్ల మగమనిషి. రాత్రి ఫంక్షన్‌లో మందు, బిర్యానీ. తెల్లవారుజామున మూడుసార్లు గట్టిగా వాంతులు. మూడో వాంతితో ఛాతీ కింది భాగంలో ఎడమవైపు, వీపులోకి పొడిచినట్టు నొప్పి. క్యాజువాలిటీకి వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. చెమటలు, పల్స్ 118, బీపీ 100/70, ఈసీజీలో సైనస్ టాకీకార్డియా (గుండె వేగంగా కొట్టుకోవడం) తప్ప ఏమీ లేదు. మొదటి ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నెగటివ్. ఇలాంటివాళ్లకు ఎక్కువ చోట్ల జరిగేది ఒకటే: ఆస్పిరిన్ 325, క్లోపిడోగ్రెల్ 300 (గుండెపోటుకు రక్తం పలచన చేసేవి), ఆమ్లం తగ్గించే పాంటాప్ ఒకటి, ఆరు గంటలకు మళ్లీ ట్రోపోనిన్. అన్నవాహిక చిరిగిందేమో అని ఎప్పుడు అనుమానించాలి? అనుమానం వస్తే మొదటి గంటలో ఏ వరుసలో ఏం చేయాలి? పుస్తకంలోని మూడు లక్షణాల లిస్టు (వాంతి, నొప్పి, చర్మం కింద గాలి) నాకు తెలుసు, అది వద్దు. చేతికి పనికొచ్చేది కావాలి.

ఛాతీసర్జన్_వైజాగ్
మీ లెక్కలోనే జవాబు ఉంది: వాంతి ముందు, నొప్పి తర్వాత. గుండెపోటులో సాధారణంగా నొప్పి మొదలయ్యాక వాంతి వస్తుంది. ఇక్కడ అది తిరగబడింది. పేషెంటుతో వచ్చినవాళ్లను "నొప్పి, వాంతులు ఉన్నాయా" అని అడిగితే "ఉన్నాయండీ" అంటారు, అంతే. "ఏది ముందు?" అని విడిగా అడగాలి. కేస్ షీట్‌లో కూడా వరుసలోనే రాయాలి. "ఛాతీ నొప్పి, వాంతులు" అని కామా పెట్టి రాసినచోటే వరుస పోతుంది, తర్వాత చూసినవాళ్లెవరికీ అది మళ్లీ దొరకదు.

పీజీ_రెండోఏడు
వాంతి తర్వాత చిరగడమంటే మల్లరీ వైస్ కదా సార్? అది తనంతట తనే మానిపోతుంది కదా.

పాథాలజీ_పాతకాపు
రెండూ ఒకటి కావు. మల్లరీ, వైస్ 1929లో బోస్టన్‌లో చెప్పినది లోపలి పొర వరకే చిరగడం. రక్తం కక్కుతారు, నొప్పి అంతగా ఉండదు, చాలావరకు దానంతట అదే ఆగుతుంది. బోర్హావే అంటే గోడ మొత్తం తెగడం. రక్తం అంతగా కనపడదు, నొప్పి మాత్రం భరించలేరు. రక్తం కక్కలేదు కాబట్టి అన్నవాహిక బాగుందనుకుంటే సరిగ్గా ఉల్టా అవుతుంది.

ఈ గాయం పేరు వెనుక కథ ఇదే పాఠం చెప్తుంది. లైడెన్‌లో హెర్మన్ బోర్హావే 1724లో ప్రచురించిన కేసు. డచ్ నౌకాదళ అధిపతి యాన్ వాన్ వాసెనార్ 1723లో విందు తిని, అలవాటు ప్రకారం వాంతి మందు తాగి కక్కుకోబోయాడు. మరుక్షణం ఛాతీలో ఏదో తెగినట్టు నొప్పి. బతకలేదు. శవపరీక్షలో ఛాతీ తెరిస్తే తిన్న బాతు మాంసం వాసన వచ్చింది. కడుపులో ఉండాల్సింది పక్క గదిలో ఉందన్నమాట. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఎవరినీ కుట్టి బతికించలేకపోయారు. 1947లో లండన్‌లో నార్మన్ బారెట్ ఆ పని చేసి చూపించాడు. బారెట్స్ ఈసోఫేగస్ అని మనం రోజూ అనే పేరు కూడా ఆయనదే.

ఛాతీసర్జన్_వైజాగ్
పాతకాపు గారు చెప్పినదానికి కొనసాగింపు. ఎందుకు అక్కడే తెగుతుందంటే, అన్నవాహికకు పేగులకున్నట్టు బయటి సీరస్ పొర లేదు. కింది భాగంలో ఎడమ వెనకవైపు ఆసరా తక్కువ. కడుపు నొక్కుకుని పైకి తోస్తుంటే గొంతు దగ్గర క్రైకోఫారింజియస్ కండ వదులు కాకపోతే, లోపలి ఒత్తిడి అంతా ఆ బలహీనమైన చోట పడుతుంది. కడుపు, అన్నవాహిక కలిసేచోటికి రెండు మూడు సెంటీమీటర్ల పైన నిలువుగా చీలుతుంది. ఇక ఛాతీలో ఒత్తిడి నెగటివ్ కాబట్టి ప్రతి శ్వాసకూ ఆమ్లం, ఉమ్మి, అన్నం మెతుకులు మీడియాస్టైనమ్‌లోకి (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటు) లాగబడతాయి. మొదటి గంటల్లో అది రసాయనపు కాలుడు, ఆ తర్వాత సెప్సిస్. 24 గంటలు దాటాక చేతికొచ్చే కేసుల్లో చావులు బాగా పెరిగేది అందుకే.

గుండెగది
ఒక్క మాట. ఇది చదివి రేపటినుంచి ప్రతి ఛాతీ నొప్పికీ ఆస్పిరిన్ ఆపేస్తే దానివల్ల పోయే ప్రాణాలు ఎక్కువ. క్యాజువాలిటీకి వచ్చే ఛాతీ నొప్పుల్లో గుండెపోటు రోజూ చూస్తాం, బోర్హావే కొన్నేళ్లకొకటి. ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్ (గుండెపోటు గుర్తు) స్పష్టంగా ఉండి, ఎదుటి లీడ్లలో రెసిప్రోకల్ (ఉల్టా) మార్పులు ఉంటే టెనెక్టిప్లేజ్ (గడ్డ కరిగించే ఇంజెక్షన్) ఆలస్యం చేయొద్దు.

ఛాతీసర్జన్_వైజాగ్
ఆపమనడం లేదు గుండెగది గారూ. అడగమంటున్నా. మీడియాస్టైనమ్ వాచినప్పుడు ఎస్‌టీ మార్పులు రావచ్చు, ట్రోపోనిన్ కూడా కొంచెం లేవవచ్చు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ఏరియా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రికి పంపి, అక్కడినుంచి సలహా రాగానే ఇక్కడే టెనెక్టిప్లేజ్ ఇచ్చే పద్ధతి వచ్చింది. చాలా మంచి పద్ధతి. కానీ దూరంగా కూర్చుని కాగితం చూసేవాళ్లకు వాంతి సంగతి తెలియదు. తెగిన అన్నవాహిక ఉన్నవాడికి రక్తం గడ్డ కరిగించే మందు పడితే ఆ తర్వాత మేం ఛాతీ తెరవడమే కష్టం.

గుండెగది
దానికి ఒప్పుకుంటా. అయితే ఇలా చేయండి. ఎలివేషన్ ఉన్నవాళ్లను కూడా మందు ఎక్కించే ముందు మూడు ప్రశ్నలు అడగండి: వాంతి ముందా? మింగితే నొప్పి పెరుగుతోందా? ఈ మధ్య ఎండోస్కోపీ గానీ గొంతులోంచి చేసే ఎకో గానీ చేయించుకున్నారా? ఒకచేత్తో మెడ నొక్కి చూడండి, చర్మం కింద గాలి ఉందేమో. మొత్తం అరనిమిషం. ఒక్కదానికి అవునన్నా బెడ్‌సైడ్ ఎకో పెట్టండి. అంత ఎలివేషన్‌కు తగ్గట్టు గుండె గోడ కదలిక తగ్గకపోతే ఆగి ఆలోచించాలి. ఈసీజీ నార్మల్‌గా ఉన్నవాళ్ల దగ్గర సీటీకి వెళ్లేంత టైం ఎలాగూ ఉంటుంది, ఆ లోపు క్లోపిడోగ్రెల్ ఆగితే కొంప మునగదు.

ఏరియాఆసుపత్రి_ఎంఓ
నాలుక కింద నైట్రేట్ పెడితే తగ్గింది కాబట్టి గుండేనని, యాంటాసిడ్ సిరప్ తాగితే తగ్గింది కాబట్టి గ్యాసేనని ఇప్పటికీ చాలామంది తేల్చేస్తున్నారు. రెండూ తప్పే. అన్నవాహిక బిగుసుకుపోయే నొప్పి కూడా నైట్రేట్‌కు తగ్గుతుంది. పైగా తెగిందన్న అనుమానం ఉన్నవాడికి సిరప్ తాగిస్తే అదీ ఛాతీలోకే వెళ్తుంది. నోటిద్వారా ఏమీ వద్దు. మంచినీళ్లు కూడా వద్దు.

రాత్రిడ్యూటీ
మెడలో గాలి ఎంతసేపటికి చేతికి తెలుస్తుంది? మొదటి ఎక్స్‌రే నార్మల్ వస్తే ఏమనుకోవాలి?

ఫిల్మురీడర్
మొదటి ఎక్స్‌రేని నమ్మి కేసు మూసేయకండి. మీడియాస్టైనమ్‌లో గాలి కనపడటానికి కనీసం గంట పట్టొచ్చు, ప్లూరాలో (ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలో) నీరు చేరడానికి ఇంకా కొన్ని గంటలు. మీ పేషెంటు లాగా త్వరగా వచ్చినవాళ్ల ఫిల్మే మామూలుగా ఉంటుంది. చూడాల్సినవి: గుండె నీడ ఎడమ అంచు వెంట సన్నటి నల్లగీత, ఆ గీత డయాఫ్రమ్ మీది గాలిగీతతో కలిసి వి ఆకారం రావడం (నక్లేరియో గుర్తు), ఎడమ కాస్టోఫ్రెనిక్ మూల (ఊపిరితిత్తి కింది మూల) మొద్దుబారడం, క్లావికల్ (కాలర్ ఎముక) పైన చర్మం కింద గాలి చారలు. నిలబెట్టి తీసిన ఫిల్మ్ అయితే డయాఫ్రమ్ కింద గాలి ఉందా అనేది కూడా తేలుతుంది, అల్సర్ పగిలినవాళ్లు కూడా ఇలాగే వస్తారు.

చేతికి తెలిసేది మరమరాలు నొక్కినట్టు ఉంటుంది (సీమవాళ్లు బొరుగులు అనుకోండి). క్లావికల్ పై గుంటలో వేళ్లు ఆనించి మెల్లగా నొక్కాలి. అది లేదంటే చిరగలేదని కాదు. వాంతి, నొప్పి, చర్మం కింద గాలి మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే.

ఫిల్మురీడర్
సీటీ గురించి విడిగా రాస్తున్నా, ఎందుకంటే ఎక్కువ తప్పులు రిక్వెస్ట్ ఫారం దగ్గరే జరుగుతాయి. "ఛాతీ నొప్పి, పల్మనరీ ఎంబోలిజం అనుమానం" అని రాస్తే మేము ఆ టైమింగ్‌తో తీస్తాం, అన్నవాహిక మీద కన్ను పడదు. "వాంతి తర్వాత నొప్పి, అన్నవాహిక చిరిగిందని అనుమానం" అని రాయండి. అప్పుడు వరుస ఇలా ఉంటుంది. ముందు సాదా స్కాన్. ఇది తప్పనిసరి, గోడలో గడ్డకట్టిన రక్తం, చేపముల్లు, ఎముకముక్క ఇందులోనే తేలతాయి. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనిపించే మందు) పడ్డాక ఆ తెల్లదనంలో కలిసిపోతాయి. తర్వాత నరంలో కాంట్రాస్ట్ ఇచ్చి ఆర్టీరియల్ ఫేజ్, అయోర్టా డిసెక్షన్ (పెద్ద ధమని గోడ చీలడం) కాదని తేలాలి కదా. చివర్లో నాన్ అయానిక్ కాంట్రాస్ట్‌ను పదో వంతుకు పలచన చేసి, సుమారు 100 మి.లీ. టేబుల్ మీదే తాగించి వెంటనే మళ్లీ తీయాలి. వార్డులో తాగించి పంపితే స్కానర్ చేరేసరికి అది కడుపులోకి దిగిపోతుంది.

చూసేటప్పుడు లంగ్ విండో పెట్టి అన్నవాహిక చుట్టూ ఒక్కో స్లైస్ కదిలించండి. చిన్న గాలిబుడగలు సాఫ్ట్ టిష్యూ విండోలో కొవ్వుతో కలిసిపోయి కనిపించవు.

స్కోపుమాస్టర్
నోటిద్వారా ఏమీ వద్దని ఎంఓ గారంటే, మీరేమో 100 మి.లీ. తాగించమంటున్నారు. పీజీలు తికమకపడతారు.

ఫిల్మురీడర్
నిజమే, విడమరచి చెప్పాలి. నీటిలో కరిగే కాంట్రాస్ట్ బయటికి కారినా మీడియాస్టైనమ్ పీల్చేసుకుంటుంది, పెద్ద నష్టం లేదు, చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ లాభం కోసం అది ఒక్కటే మినహాయింపు. బేరియం కారితే అక్కడే ఉండి వాపు తెస్తుంది. గ్యాస్ట్రోగ్రాఫిన్‌కు ఇంకో ప్రమాదం: అది బాగా గాఢమైనది, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే నీరు లాగి పల్మనరీ ఎడిమా వస్తుంది. స్పృహ సరిగా లేనివాడికి, తాగిన మత్తు దిగనివాడికి, ఇంకా వాంతులవుతున్నవాడికి అది అస్సలు ఇవ్వకండి. అలాంటివాళ్లకు తాగించకుండా తీసిన సీటీ కూడా చాలావరకు చాలు.

ఛాతీసర్జన్_వైజాగ్
బేరియం పూర్తిగా నిషేధమేం కాదు. నీటిలో కరిగే కాంట్రాస్ట్‌తో చిల్లు కనపడలేదు, అనుమానం మాత్రం గట్టిగా ఉంది అనుకోండి. అప్పుడు పలచటి బేరియం కొద్దిగా ఇచ్చి చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. మొదటిదాంట్లో తప్పిపోయిన చిన్న చిల్లులు ఇందులో దొరుకుతాయి.

ఏరియాఆసుపత్రి_ఎంఓ
సీటీ లేనిచోట మా మార్గం: ఎడమవైపు నీరు చేరితే సూదితో కొంచెం తీసి చూడటం. మురికిగా, పుల్లటి వాసనతో, మెతుకులతో వస్తే ఇక పరీక్షే అక్కర్లేదు. స్పష్టంగా తెలియకపోతే అమైలేజ్ (జీర్ణ ఎంజైమ్) పరీక్షకు పంపండి. ఉమ్మిలోని అమైలేజ్ వల్ల చాలా ఎక్కువ వస్తుంది. పీహెచ్ 6 కంటే తక్కువుంటే అనుమానం బలపడుతుంది. ఇక్కడ ప్యాంక్రియాటైటిస్ అనుకుని పొరబడేవాళ్లు ఉన్నారు, వాళ్లకూ వాంతులు, ఎడమ ప్లూరాలో నీరు, అమైలేజ్ ఎక్కువ. ఐతే వాళ్ల నీటిలో మెతుకులుండవు, పీహెచ్ అంత పడిపోదు.

రాత్రిడ్యూటీ
బాగుంది. ఇప్పుడు మొదటి గంట వరుస చెప్పండి.

మత్తుమందు_డాక్టరమ్మ
ఇది నేను రాస్తా. తల వైపు పరుపు 30 నుంచి 45 డిగ్రీలు పైకి. మాస్క్‌తో ఆక్సిజన్. రెండు పెద్ద కాన్యులాలు, 16 లేదా 18 గేజ్. బీపీ తగ్గుతుంటే రింగర్ లాక్టేట్ కిలోకు 30 మి.లీ. వరకు, మధ్యమధ్య ఊపిరితిత్తులు వింటూ. కల్చర్‌కు రక్తం తీసి వెంటనే యాంటీబయాటిక్ పైపరాసిలిన్ టాజోబాక్టమ్ 4.5 గ్రాములు, ఆ తర్వాత ఆరు గంటలకోసారి. పాంటాప్రజోల్ నరంలో 80 మి.గ్రా. వాంతి మళ్లీ రాకూడదు, ప్రతి వాంతీ చీలికను పొడిగిస్తుంది, కాబట్టి ఆండాన్‌సెట్రాన్ 4 నుంచి 8 మి.గ్రా. ముందే ఇచ్చేయండి. నొప్పికి ఫెంటానిల్ కిలోకు ఒక మైక్రోగ్రాముతో మొదలు. డైక్లోఫెనాక్ వద్దు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా: శాచురేషన్ పడిపోతోందని బైపాప్ (ఒత్తిడితో గాలి తోసే) మాస్క్ బిగించకండి. ఆ ఒత్తిడికి చిల్లులోంచి గాలి, కడుపులోని సరుకు మీడియాస్టైనమ్‌లోకి పోతాయి, న్యూమోథొరాక్స్ (ప్లూరాలో చేరిన గాలి) గుండెను నొక్కే టెన్షన్ రకంగా మారుతుంది. ఆక్సిజన్ చాలకపోతే శ్వాసనాళంలో ట్యూబు వేయండి. వేసేటప్పుడు అంబూ బ్యాగ్‌తో గట్టిగా నొక్కకుండా రాపిడ్ సీక్వెన్స్‌లో (మత్తిచ్చిన వెంటనే) వేయాలి. ప్లూరాలో గాలి ఉందని తెలిసినవాడికి వెంటిలేటర్ పెట్టేముందే డ్రెయిన్ (ఛాతీలో గొట్టం) ఉండాలి.

పీజీ_రెండోఏడు
కడుపు ఖాళీ చేయడానికి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి గొట్టం) వేయమని మా యూనిట్‌లో చెప్తారు మేడమ్.

ఛాతీసర్జన్_వైజాగ్
కళ్లు మూసుకుని వేయొద్దు. చీలిక గుండా ఛాతీలోకి వెళ్లిన రైల్స్ ట్యూబులు ఎక్స్‌రేల్లో చూస్తూనే ఉంటాం. చిల్లు ఎక్కడుందో తెలిశాక, స్కోపు చూపుతోగానీ థియేటర్‌లో చేత్తో తడిమిగానీ చీలికను దాటించాలి. కడుపు ఖాళీ చేయాలన్న ఆలోచన మంచిదే, వేసే పద్ధతే ముఖ్యం.

డ్రెయిన్ విషయం: నీరు గానీ గాలి గానీ ఉంటే 28 నుంచి 32 ఫ్రెంచ్ వేయండి. సన్నటి పిగ్‌టెయిల్ డ్రెయిన్ మెతుకులకు గంటలోనే మూసుకుపోతుంది.

స్కోపుమాస్టర్
ఇక తర్వాతి సంగతి. చిల్లు ఉందని తేలిందంటే అందరికీ ఛాతీ కోయాల్సిందేనని నేను ఒప్పుకోను. ఫుల్లీ కవర్డ్ స్టెంట్లు (చిల్లును లోపలినుంచి మూసే గొట్టాలు), ఎండోస్కోపిక్ వాక్యూమ్ వచ్చాక పరిస్థితి మారింది. వాక్యూమ్ అంటే, స్పాంజ్‌ను చీలిక కొలతకు కత్తిరించి, 14 లేదా 16 ఫ్రెంచ్ రైల్స్ ట్యూబు కొనకు కట్టి, లోపల పెట్టి, మైనస్ 125 మి.మీ. పాదరసం ఒత్తిడితో సక్షన్ ఇస్తాం. మూడు నుంచి అయిదు రోజులకోసారి మార్చాలి. ఇంకా ఆలస్యమైతే కండ స్పాంజ్‌లోకి పెరిగి అతుక్కుంటుంది, తీసేటప్పుడు రక్తం కారుతుంది. స్పాంజ్ అయోర్టాకు దగ్గరగా ఉందేమో సీటీలో చూసుకోకుండా పెట్టకూడదు. స్కోపులో గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడాలి, పక్కన సర్జన్ ఉండాలి.

ఛాతీసర్జన్_వైజాగ్
స్కోపు చేతిలోనే, మన కళ్లెదుట పడ్డ సెంటీమీటరు చిల్లుకు మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. అది ఖాళీ కడుపు, క్లిప్‌తో అప్పుడే మూసేయొచ్చు. పెద్దవాళ్లలో అన్నవాహిక చిల్లుల్లో ఎక్కువ భాగం అలా ప్రొసీజర్లలో పడేవే, ముఖ్యంగా అకలేసియాకు (అన్నవాహిక కింది కవాటం వదులు కాని జబ్బు) బెలూన్ వేసినప్పుడు. కానీ రాత్రిడ్యూటీ అడిగింది బిర్యానీ మొత్తం ఎడమ ప్లూరాలో ఉన్న మనిషి గురించి. అక్కడ స్టెంట్ వేస్తే తలుపు మూసినట్టే, గదిలో చెత్త అలాగే ఉంటుంది. పైగా చీలిక సరిగ్గా కడుపు మొదట్లో ఉంటుంది కాబట్టి స్టెంట్ కింది కొన కడుపులో వేలాడి జారిపోతుంది. ఛాతీ కడగాల్సిందే.

ఎడమవైపు పక్కటెముకల మధ్య ఏడో స్పేస్‌లోంచి వెళ్తాం. చీలిక మధ్యభాగంలో ఉంటే కుడివైపు నుంచి. లీటర్ల కొద్దీ గోరువెచ్చటి సెలైన్‌తో కడిగాక అసలు పాఠం మొదలవుతుంది: బయట కండలో కనిపించే చీలిక కంటే లోపలి పొర చీలిక పొడుగు. పైకీ కిందికీ కండను ఇంకొంచెం తెరిచి, లోపలి పొర రెండు మూలలూ కంటితో చూడకుండా కుట్టు వేస్తే పై మూలలోంచి మళ్లీ లీకవుతుంది. లోపలి పొర 3-0 లేదా 4-0 కరిగే దారంతో, ఆపైన కండ ఇంకో వరస. దానిమీద ఇంటర్‌కాస్టల్ కండ ఫ్లాప్. ఈ ఫ్లాప్ కావాలనుకుంటే ఛాతీ తెరిచేటప్పుడే, రిబ్ స్ప్రెడర్ పెట్టకముందే తీసుకోవాలి, తర్వాతైతే నలిగి రక్తం ఆగిపోతుంది. ఫీడింగ్ జెజునాస్టమీ (పేగులోకి ఆహారపు గొట్టం), రెండు డ్రెయిన్లు. ఏడోరోజు కాంట్రాస్ట్ మింగించి చూశాకే నోటికి నీళ్లు.

స్కోపుమాస్టర్
డ్రెయిన్, వాట్స్‌తో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి) కడగడం, దాంతోపాటు లోపల వాక్యూమ్. ఈ మూడూ కలిపి చేసే చోట్లు ఉన్నాయి. ఆలస్యంగా వచ్చి కణజాలం కుట్టు పట్టనంత మెత్తబడ్డవాళ్లకు అదే మేలు కదా?

ఛాతీసర్జన్_వైజాగ్
అవును, ఆ గుంపులో మీతో గొడవ లేదు. అక్కడ టీ ట్యూబు (T ఆకారపు గొట్టం) పెట్టి దారి మళ్లించడం లేదా మీ వాక్యూమ్. ఎవరికి ఏది అన్నదానికి పిట్స్‌బర్గ్ స్కోరు సాయపడుతుంది. 75 దాటిన వయసు, పల్స్ 100 పైన, తెల్లకణాలు 10,000 పైన, ప్లూరాలో నీరు: ఒక్కోదానికి 1. జ్వరం 38.5 పైన, అదుపులేని లీకు, శ్వాస ఇబ్బంది, 24 గంటలు దాటి తేలడం: ఒక్కోదానికి 2. క్యాన్సర్, బీపీ పడిపోవడం: 3 చొప్పున. మొత్తం 18. రెండు లోపు ఉంటే కోయకుండా చూడొచ్చు, అయిదు దాటితే ప్రమాదం ఎక్కువ. స్కోరు నిర్ణయం చేయదు, ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇద్దరికీ ఒకే భాష ఇస్తుంది.

గుండెగది
ఇంకో గాయం మర్చిపోతున్నారు, ఇది మా చేతి నుంచి వచ్చేది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె లయ తప్పడం) అబ్లేషన్ (గుండెలోపల వేడితో కాల్చడం) చేయించుకున్నవాళ్లు. లెఫ్ట్ ఏట్రియమ్ వెనక గోడకు అన్నవాహిక అంటుకునే ఉంటుంది. ఆ వేడికి దెబ్బతిని ఒకటి నుంచి ఆరు వారాల్లో, కొన్నిసార్లు రెండు నెలలకు, రెంటికీ మధ్య దారి పడుతుంది. జ్వరం, ఛాతీ నొప్పి, మింగితే నొప్పి, ఉన్నట్టుండి పక్షవాతం. వీళ్లకు ఎండోస్కోపీ చేయకూడదు. లోపల గాలి ఊదితే నేరుగా గుండెలోకి, అక్కడినుంచి మెదడుకు పోతుంది. సీటీ తీసి సర్జన్‌ను పిలవాలి, అంతే. అబ్లేషన్ ఎప్పుడు జరిగిందో వాళ్లే చెప్పరు, అడగాలి.

ఫిల్మురీడర్
వార్ఫరిన్, కొత్త యాంటీకోయాగ్యులెంట్ల మీద ఉన్న పెద్దవయసు ఆడవాళ్లలో చూడాల్సింది ఇంకొకటి: గోడలో రక్తం గడ్డ, ఇంట్రామ్యూరల్ హెమటోమా. హఠాత్తుగా ఛాతీ నొప్పి, ముద్ద దిగకపోవడం, కాస్త రక్తం కక్కడం. వాంతి లేకుండా కూడా వస్తుంది. సాదా సీటీలో అన్నవాహిక గోడ ఒకపక్కకు మందంగా, తెల్లగా కనిపిస్తుంది, కాంట్రాస్ట్ పట్టదు. అయోర్టా గోడలో హెమటోమా అని పొరబడకుండా రెంటి మధ్య కొవ్వు గీత వెతకండి.

స్కోపుమాస్టర్
దానికి కత్తీ వద్దు, క్లిప్పూ వద్దు. మందు ఆపాలి, వార్ఫరిన్ అయితే విటమిన్ కె, అవసరమైతే పీసీసీ (రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్లు). నరంలో ద్రవాలు, పాంటాప్. ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గిపోతుంది. స్కోపులో నేరేడుపండు రంగులో ఉబ్బి కనిపిస్తే కణితి అనుకుని బయాప్సీ తీయకండి. ఆపిన మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండెగది లాంటివాళ్లతో మాట్లాడి రాసి పంపాలి, లేకపోతే కృత్రిమ వాల్వ్ ఉన్న మనిషి మందు లేకుండానే మిగిలిపోతారు.

మందులషాపు_మూర్తి
ఇంత పెద్దవాటి మధ్య చిన్నది కలుపుతున్నా, సంఖ్యలో ఇదే ఎక్కువ. మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడటం. డాక్సీసైక్లిన్ 100, అలెండ్రోనేట్, పొటాషియం క్లోరైడ్, ఐరన్, నొప్పి మాత్రలు. స్క్రబ్ టైఫస్‌కనో మొటిమలకనో డాక్సీ రాస్తారు, అన్నం తిని రెండు గుక్కలతో మింగి పడుకుంటారు. క్యాప్సూల్ జెలటిన్ తడి గోడకు అతుక్కుంటుంది, కరిగిన డాక్సీ పీహెచ్ 3 లోపు. అర్ధరాత్రి గుండెలో గునపం దిగినట్టు నొప్పితో లేస్తారు, ఉమ్మి మింగినా నొప్పే. పుండు ఎక్కువగా అయోర్టా ఆర్చ్ నొక్కే చోట. మేం కవరు మీద రాసేది: నిండు గ్లాసు నీళ్లు, 200 మి.లీ., కూర్చుని లేదా నిలబడి, తర్వాత అరగంట పడుకోవద్దు.

రాత్రిడ్యూటీ
మూర్తి గారూ, ఇది ప్రిస్క్రిప్షన్ మీదే రాయాల్సిన మాట. ఇలాంటి పేషెంటును బోర్హావే నుంచి వేరుచేయడం ఎలా?

స్కోపుమాస్టర్
వాంతి చరిత్ర ఉండదు, జ్వరం ఉండదు, పల్స్ మామూలుగా ఉంటుంది, మనిషి వేలు పెట్టి ఇక్కడే అని చూపిస్తాడు. మందు ఆపి, సుక్రాల్ఫేట్ సిరప్ 1 గ్రాము రోజుకు నాలుగుసార్లు ఇస్తే కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో మానుతుంది. పల్స్ 110 ఉంటే మాత్ర పుండు అనుకుని ఇంటికి పంపకండి.

ఈఎన్‌టీ_కాకినాడ
గోదావరి జిల్లాల వంతు నాది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు, తినండి, కానీ ముల్లు గుచ్చుకుంటే ఉత్త అన్నం ముద్దలు, అరటిపండు మింగి నెట్టకండి. గొంతులో పైపైన ఉన్న ముల్లు ఆ ముద్దతో అన్నవాహిక గోడలోకి దిగుతుంది. ఎక్స్‌రేలో చాలా ముళ్లు కనపడవు, సాదా సీటీ కావాలి. గొంతు దగ్గర చిల్లు అయితే మెడ నొప్పి, మెడ తిప్పలేకపోవడం. పక్కనుంచి తీసిన మెడ ఎక్స్‌రేలో వెన్నుపూసల ముందు గాలి, సి6 దగ్గర మందం 22 మి.మీ. దాటడం చూడండి. మొనదేలినవి, ఊడిపోయిన కట్టుడుపళ్ల తీగలు రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు స్కోపుతో తీయాలి. పళ్లసెట్టు అక్రిలిక్ ఎక్స్‌రేలో కనపడదు, తీగ ఒక్కటే కనిపిస్తుంది.

పాథాలజీ_పాతకాపు
ముల్లు దిగి కొన్ని రోజులు హాయిగా ఉండి, ఉన్నట్టుండి ఎర్రటి రక్తం ఒక గుక్కెడు కక్కితే అది అల్సర్ రక్తం కాదు. అయోర్టాకు చిల్లు పడింది. నొప్పి, చిన్న రక్తస్రావం, మధ్యలో నెమ్మది, తర్వాత ఒక్కసారిగా ప్రాణాంతకమైన రక్తం. ఖియారీ 1914లో చెప్పిన వరుస ఇదే. ఆ నెమ్మదిగా ఉన్న వ్యవధిలోనే సీటీ యాంజియో తీయాలి. మనకు దొరికేది ఆ ఒక్క అవకాశమే.

పిల్లలవార్డు
పిల్లల్లో ముల్లు కంటే బటన్ బ్యాటరీ భయం. 20 మి.మీ. లిథియం బిళ్ల ఇరుక్కుంటే రెండు గంటల్లో గోడ కాలుతుంది. రసం కారి కాదు, కరెంటు వల్ల నెగటివ్ వైపు క్షారం పుట్టి. ఎక్స్‌రేలో రూపాయి బిళ్ల అనుకుని వదిలేయకండి, అంచున రెండో వలయం కనిపిస్తే బ్యాటరీ. ఏడాది దాటిన పిల్లలకు, మింగి 12 గంటల లోపైతే, దారిలో తేనె 10 మి.లీ. పది నిమిషాలకోసారి, ఆరుసార్ల వరకు. దీనికోసం ప్రయాణం ఆపొద్దు. తీసేశాక కూడా వారాల తరబడి రక్తస్రావం జరగొచ్చు.

ఏరియాఆసుపత్రి_ఎంఓ
ఎంఓగా ఒక విన్నపం. పురుగుమందు, యాసిడ్ తాగినవాళ్లకు ఊళ్లో ఉప్పునీళ్లు తాగించి గొంతులో వేళ్లు పెట్టి కక్కిస్తారు. యాసిడ్ మళ్లీ పైకొచ్చి రెండోసారి కాలుస్తుంది, ఆ బలవంతపు వాంతే అన్నవాహికను చీల్చగలదు. 108 వచ్చేలోపు ఏమీ తాగించొద్దని ఆశా వర్కర్లకు చెప్పి ఉంచండి.

రాత్రిడ్యూటీ
చివరి ప్రశ్న. సర్జన్ ఉన్నచోటికి నాలుగు గంటల దూరం. రిఫరల్ చీటీలో ఏం రాయాలి?

ఛాతీసర్జన్_వైజాగ్
చీటీకి ముందు ఫోన్. చీటీలో: వాంతి టైం, నొప్పి టైం విడివిడిగా. ఆఖరిసారి ఏం తిన్నాడు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, హెపారిన్ ఇచ్చి ఉంటే డోసు, టైం, ఇది దాచొద్దు, ఇచ్చినందుకు ఎవరూ తిట్టరు. యాంటీబయాటిక్ టైం. డ్రెయిన్‌లో ఎంత, ఏ రంగు. ఎక్స్‌రే ఫోటో తీసి పంపితే థియేటర్ రెడీ చేసి ఉంచుతాం.

మత్తుమందు_డాక్టరమ్మ
అంబులెన్స్ ఎక్కించేటప్పుడు డ్రెయిన్‌కు క్లాంప్ వేయకండి, బాటిల్ ఛాతీ కంటే కిందే ఉండాలి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి కాదు, వీపు లేపి కూర్చోబెట్టే పంపండి.

రాత్రిడ్యూటీ
క్లాంప్ మాట ఇప్పుడే నర్సింగ్ స్టేషన్ బోర్డు మీద రాయిస్తున్నా. మూడు ప్రశ్నలు ఈసీజీ మెషీన్ మీద అంటిస్తా.

పీజీ_రెండోఏడు
ఆ మూడు ప్రశ్నల పక్కన "మెడ నొక్కి చూడు" కూడా రాయండి అన్నా, అదే అందరం మర్చిపోయేది.